ఎడమ చేతి కింద స్విచ్చి

ఆటోమేటిక్ కారు కొంటానని మా బావ చెప్పిన రోజు నేను పగలబడి నవ్వాను. బావ అంటే నా మొగుడే. మేనత్త కొడుకు కావడం వల్ల చిన్నప్పటి పిలుపు పెళ్ళయ్యాక కూడా మారలేదు. పలాసలో జీడిపప్పు లోడెత్తి విశాఖపట్నం, బరంపురం తిరిగిన లారీ డ్రైవరు ఆయన. గేర్లు మార్చక్కర్లేని బండిని బండి కింద లెక్క కట్టేవాడే కాదు. అవి మోకాళ్ళ నొప్పుల వాళ్ళకీ, పెద్ద ఉద్యోగాలు చేసి దిగిపోయిన వాళ్ళకీ అని వెక్కిరించేవాడు. అదే నోటి నుంచి ఈ మాట వచ్చేసరికి నాకు నవ్వు ఆగలేదు. నేను నవ్వుతుంటే ఆయన ఎడమ చెయ్యి చాపి చూపించాడు. నేను నోరు మూసుకున్నాను.

ఆ చేతికి అప్పటికే ఫిస్టులా వేసి ఉంది. మా వజ్రపుకొత్తూరు వైపు ఊళ్ళల్లో ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు, ఏ వీధిలోకి వెళ్ళినా అలాంటి చెయ్యి కనిపిస్తుంది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కిడ్నీలు పోయినవాళ్ళకి డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుడతారు. అక్కడ వేలు ఆనిస్తే లోపల రక్తం జుమ్మని పరిగెత్తడం తెలుస్తుంది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, దాన్ని తల కింద పెట్టుకుని పడుకోకూడదు, దాంతో పెనుగులాడే పని ఏదీ చేయకూడదు. మన బళ్ళకి గేరు రాడ్డు ఉండేది ఎడమ చేతికే. లారీ గేరు రాడ్డంటే పెనుగులాటే. డాక్టరు వద్దనేశాడు.

లారీ మానేయడం ఒక ఎత్తు, ఆసుపత్రికి వెళ్ళడం ఒక ఎత్తు. మాకు డయాలసిస్ బెడ్డు టెక్కలిలో దొరికింది. రోజు విడిచి రోజు వెళ్ళాలి. మొదట్లో ఊళ్ళో ఒకాయన ఆటోలో పలాస దాకా వెళ్ళి, అక్కడి నుంచి బస్సో, మరో ఆటోనో పట్టుకునేవాళ్ళం. వెనక సీట్లో, పక్కన నేను, నా ఒళ్ళో వాంతి వస్తుందేమోనని తెచ్చుకున్న కవరు. జీవితమంతా స్టీరింగు వెనక కూర్చున్న మనిషి అలా కూర్చుని బయటికి కూడా చూసేవాడు కాదు. తర్వాత తర్వాత వెళ్ళడమే ఎగ్గొట్టడం మొదలుపెట్టాడు. ఒంట్లో బాగుందనేవాడు, రేపు వెళ్దామనేవాడు, బతిమాలితే కసిరేవాడు. ఒకసారి అలాగే వరసగా మానేసి, మొహం ఉబ్బిపోయి, ఊపిరి అందక, అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టుకుని వెళ్ళాల్సి వచ్చింది. ఆ రోజు ఆయన బతుకుతాడని నేను అనుకోలేదు.

తేరుకున్నాక ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, నాతో చెప్పిన మాట ఇది. "నన్ను మోసుకోనెల్తానంటే నానెల్ను. నడుపుకోనెల్లమంటే ఎల్తాను."

నాకు కోపం రాలేదని చెబితే అబద్ధం. ప్రాణం మీదికి వచ్చినా ఈ మగవాళ్ళకి పంతం వదలదని గట్టిగానే తిట్టాను. కానీ ఆ మాట ఉత్తినే బెదిరింపు కాదని నాకు తెలుసు. ఆయనకి స్టీరింగు ఉంటే డయాలసిస్ ఉంటుంది. డయాలసిస్ ఉంటే నాకు ఆయన ఉంటాడు. లెక్క అంతే.

ఇంతకుముందు ఆయన లోడు తోలిన జీడి వ్యాపారి ఇంట్లో, తండ్రిగారు వాడి వదిలేసిన పాత ఆటోమేటిక్ కారు ఒకటి షెడ్డులో దుమ్ము కొట్టుకుని ఉండేది. దాన్ని ఆ వ్యాపారి మా బావకి ఇచ్చేశాడు. పేరుకి ఏదో కొంత పుచ్చుకున్నాడు గానీ, దాదాపు ఊరికే ఇవ్వడమే. ఇంటికి తెచ్చిన రోజు బావ రెండుసార్లు మా ప్రహరీ ముందే కారుని కుదిపి ఆపాడు. ఎడమ కాలు అలవాటు కొద్దీ క్లచ్చి కోసం వెళ్ళి బ్రేకు మీద పడుతోంది. ఇలా కాదని ఎడమ చెప్పు విప్పేసి, ఆ కాలు మడిచి సీటు మీదికి ఎత్తేసుకున్నాడు. సగం మఠం వేసుకుని కూర్చున్నట్టు. అప్పటి నుంచీ ఆ కారు అలాగే నడిపాడు. దారిలో చూసినవాళ్ళు నవ్వితే నవ్వనీ అన్నాడు. నాకైతే ఆయన మళ్ళీ పేచీ పెట్టకుండా టెక్కలి వెళ్తున్నాడు, అది చాలు. డయాలసిస్ అయ్యాక వెనక సీట్లో కాసేపు నిద్రపోయి, నేను తెచ్చిన ఇడ్లీ తిని, కళ్ళు తేటపడ్డాక మళ్ళీ తనే నడుపుకుని వచ్చేవాడు.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. తర్వాత కారుకి వణుకు పట్టుకుంది.

ఊళ్ళో, పలాస దాకా ఏమీ ఉండేది కాదు. హైవే ఎక్కి వేగం అందుకున్నాక ఉన్నట్టుండి బండంతా గడగడలాడేది. రోడ్డు మీద స్పీడు తగ్గించడానికి వేసే గీతల మీద నుంచి వెళ్తున్నట్టు. కాస్త ఆగి మళ్ళీ అదే. మొదట టైర్లనుకున్నాను. బావ తల అడ్డంగా ఊపి, ఇంజను కాదు, టైర్లూ కాదు, లాకప్పు అన్నాడు. నాకు తెలిసిన లాకప్పు పోలీసుస్టేషన్లో ఉండేదొక్కటే. ఆ మాటే అంటే ఆయన నవ్వి, ఇంటికి వెళ్ళాక చూపిస్తానన్నాడు.

పక్కింటి నుంచి టేబుల్ ఫ్యాను అడిగి తెచ్చి, మా ఫ్యానుకి ఎదురుగా దగ్గరగా పెట్టాడు. మాది ఒక్కటే స్విచ్చి వేశాడు. దాని గాలికి, కరెంటు లేని రెండో ఫ్యాను కూడా మెల్లగా తిరగడం మొదలుపెట్టింది.

"సూడు ఒలే, రెండిటికీ మద్దిన ఏటీ నేదు, గాలే. కార్లో అయితే గాలి బదులు నూనె. ఇంజను ఒక ఫేను, గేరుబాక్సు ఇంకో ఫేను. అందుకే దీనికి క్లచ్చి అక్కర్నేదు."

అంతవరకు బాగానే ఉంది. కానీ రెండో ఫ్యాను ఎప్పుడూ మొదటిదానికన్నా కాస్త వెనకబడే తిరుగుతుంది. నాకూ కంటికి కనిపించింది. ఆ వెనకబాటులో ఇంజను పడే కష్టం కొంత వృథా అయిపోయి, నూనె వేడెక్కుతుంది. అందుకని బండి వేగం అందుకున్నాక, రెండు ఫ్యాన్లనీ కలిపి పట్టేసి ఒక్కటిగా తిప్పే బిళ్ళ ఒకటి లోపల ఉంటుందట. అలా పట్టేయడాన్నే లాకప్పు అంటారట. మా కారులో ఆ బిళ్ళ అరిగింది. కారులోని కంప్యూటరు దాన్ని పట్టించబోతుంది, అది జారుతుంది, మళ్ళీ పట్టించబోతుంది, మళ్ళీ జారుతుంది. అదీ వణుకు. జబ్బు మనిషి, అన్నం సరిగా తినని మనిషి, టేబుల్ ఫ్యాన్ల ముందు గొంతుక్కూర్చుని ఇదంతా చెబుతుంటే నేను కూర మాడిపోవడం కూడా చూసుకోలేదు.

కాశీబుగ్గలో మెకానిక్కు కూడా అదే మాట చెప్పాడు. గేరుబాక్సు దించాలన్నాడు. సామాను బయటి నుంచి రావాలి, ఈ పాత మోడలుకి ఎప్పుడు దొరుకుతుందో తెలియదు, అప్పటిదాకా బండి షెడ్డులోనే ఉంటుంది. నేను బావ మొహం చూశాను. ఆటోలో కవరు పట్టుకుని కూర్చున్న రోజుల్లో ఉన్న మొహం మళ్ళీ వచ్చింది. ఇంటికి వచ్చే దారిలో ఆయన నాతో మాట్లాడలేదు. ఈసారి మానేయడం మొదలుపెడితే మళ్ళీ అంబులెన్సు దాకా కూడా వెళ్ళమేమోనని నాకు భయమేసింది.

కానీ ఆయన మాట్లాడనిది పంతంతో కాదు, ఆలోచిస్తూ. మర్నాడు పొద్దున్నే మెకానిక్కు దగ్గరికి వెళ్ళి, లాకప్పుకి వెళ్ళే వైరు తీసేయించాడు. ఇక బిళ్ళ పట్టదు, వణుకూ లేదు. హాయిగా ఉందని నేనన్నాను. టెక్కలి చేరేసరికి మాడిన వాసన వచ్చింది. రెండు ఫ్యాన్లూ విడివిడిగా తిరిగి తిరిగి నూనె కాగిపోయింది. పెట్రోలు కూడా గటగటా తాగేసింది. అలా నడిపితే గేరుబాక్సు మొత్తం పోతుందని తెలిసింది. అంటే లాకప్పు ఉండాలి, కానీ కంప్యూటరు చేతిలో ఉండకూడదు.

ఆయన పలాసలో బళ్ళ కరెంటు పని చేసే స్నేహితుడి దగ్గరికి వెళ్ళి, ఆ వైరుని ఒక స్విచ్చికి కలిపించుకున్నాడు. వేస్తే బిళ్ళ పడుతుంది, తీస్తే వదులుతుంది. ఏదో తేడా ఉందని కంప్యూటరు చెప్పే పసుపు రంగు దీపం ఒకటి మీటర్ల దగ్గర వెలిగి ఇక ఆరలేదు. స్నేహితుడు దాన్ని కూడా తీసేస్తానంటే, ఒంట్లో ఇన్ని దీపాలు వెలుగుతున్నాయి, ఇదొకటి వెలిగితే ఏమని ఉండనిమ్మన్నాడు. స్విచ్చి ఎక్కడ పెట్టాలన్నదానికి మాత్రం చాలాసేపు తీసుకున్నాడు. ముందు స్టీరింగు పక్కన అనుకున్నారు. చివరికి రెండు సీట్ల మధ్య, హ్యాండ్ బ్రేకు పక్కన, చెయ్యి వాలే చోట పెట్టించాడు. లారీలో ఎడమ చేతికి ఎప్పుడూ పని ఉండేది, ఈ కారులో అది దండగ చెయ్యి అయిపోయిందని ఆయన బాధ. బొటనవేలితో మీట నొక్కడానికి ఫిస్టులా ఏమీ అనదు కదా.

స్విచ్చి పెట్టుకోవడం సులువే. వాడడం నేర్చుకోవాలి. ఊరికే వేస్తే, అరిగిన బిళ్ళ అప్పుడు కూడా వణుకుతుంది. ఆయన కనిపెట్టిందేమిటంటే, వేసే ముందు కుడి కాలు యాక్సిలరేటరు మీద నుంచి కొంచెం, ఒక్క పిసరు, సడలించాలి. ఇంజను గొంతు తగ్గుతుంది, రెండు ఫ్యాన్ల వేగం దగ్గర పడుతుంది. ఆ క్షణంలో స్విచ్చి వేస్తే బిళ్ళ చప్పుడు లేకుండా పట్టేసుకుంటుంది. తర్వాత కాలు మళ్ళీ మెల్లగా వాల్చాలి. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మందపాటి మడత మీదికి సూది ఎక్కే ముందు మిషను మీద కాలు తేలిక చేస్తాం, లేకపోతే సూది విరుగుతుంది. ఆయన చెప్పింది నాకు అలా అర్థమైంది. అలా అని చెబితే, ఇన్నాళ్ళకి నీకు మెదడుందని తెలిసిందన్నాడు. ఆ రోజుకి ఆయనకి కాఫీ ఇవ్వలేదు.

డయాలసిస్ లేని ఒక రోజు, సాధన కోసం హైవే మీద టెక్కలి దాటి, కోటబొమ్మాళి మీదుగా నిమ్మాడ దాకా వెళ్ళి వచ్చాం. పోయినంత సేపూ కాలు సడలించడం, వేయడం, తీయడం. ఎత్తు వస్తే తీసేసేవాడు, సమానం రాగానే వేసేవాడు. ముందు లారీ బ్రేకు వేస్తుందేమోనని అనుమానం వస్తే ముందే తీసేసేవాడు. వేసినప్పుడల్లా ఇంజను మోత తగ్గి కారు నెమ్మదించినట్టు ఉండేది గానీ, వేగం అంతే ఉండేది. తిరిగి వస్తూ టెక్కలి మలుపు దగ్గర బస్సు అడ్డం వస్తే బ్రేకు వేశాడు, స్విచ్చి తీయడం మరిచిపోయాడు. బండి ధడధడా కొట్టుకుని నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక నుంచి హారన్ల గోల. నేను సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వుతున్నాడు. జబ్బు వచ్చాక అంత నవ్వు నేను చూడలేదు.

"క్లచ్చి నేని బండిని క్లచ్చి ఒగ్గకుండా ఆపీసినోడు ఈ జిల్లాలో నానొక్కడినే," అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆయన పోగొట్టుకున్న క్లచ్చిని మళ్ళీ సంపాదించుకున్నాడు. కాలితో తొక్కేది ఇప్పుడు వేలితో నొక్కుతున్నాడు. ఏ బండిని చూసి నవ్వేవాడో దాన్నే తన చేతికి ఒదిగేలా చేసుకున్నాడు. నేను ఆయన్ని లారీ తోలే రోజుల్లో కూడా చూశాను. ఘాటీల్లో ఎక్కించడం, ఇరుకు సందులో రివర్సు తీయడం. అప్పుడెప్పుడూ ఇంత ముచ్చటపడలేదు. అప్పటి ఒళ్ళు వేరు, ఆ బలంతో ఎవరైనా చేస్తారు. రక్తం మిషనులో పడి తిరిగి వచ్చిన మనిషి, కళ్ళ కింద వాపుతో, ఒక కాలు మడిచి కూర్చుని, అరిగిన బిళ్ళకి నొప్పి తెలియకుండా రెండు ఫ్యాన్లనీ ఒక్కటి చేసి హైవే మీద సాగిపోతుంటే, పక్కన కూర్చున్న నాకు గర్వంగా ఉండేది. ఆ మాట ఆయనతో అనలేదు. అంటే ఇక పట్టలేం.

ఇంతలో నాకూ డ్రైవింగు నేర్పాడు. సరుగుడు తోటల పక్కన ఖాళీ రోడ్డు మీద మొదలుపెట్టి, పలాస బజారు దాకా నడిపించాడు. లైసెన్సు కూడా వచ్చింది. కానీ స్విచ్చి మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు. నువ్వు హైవే ఎక్కవు, నీకెందుకు అనేవాడు. నేనూ అడగలేదు. అది ఆయన సొత్తు.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున, టెక్కలి వెళ్తుండగా, కారు మెల్లగా ఎడమకి లాగింది. ఆయన నిద్రపోతున్నాడేమోనని చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాయి. వేలు స్విచ్చి తీసేసింది, కాలు బ్రేకు మీదికి వెళ్ళింది, బండి మట్టి మార్జిన్లోకి దిగి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమైందంటే, ముందు రోడ్డు కనిపించడం మానేసిందన్నాడు. హైవే మీద నడిపే ధైర్యం లేక నేను ఆసుపత్రికి ఫోను చేస్తే మనిషిని పంపారు, అతను నడిపి తీసుకెళ్ళాడు. బీపీ వల్ల రెండు కళ్ళ లోపలా రక్తం చిమ్మిందని చెప్పారు. వైద్యం చేస్తే ఒక కన్నన్నా కొంత నిలబడుతుంది. ఇక బండి నడపడం మాత్రం కుదరదు, ఎప్పటికీ.

డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు బావ సరేనన్నాడు. ఇంటికి వచ్చి చెట్టు నీడలో కారుకి కవరు కప్పించాడు. అన్నం తిన్నాడు. మర్నాడు కూడా మామూలుగానే ఉన్నాడు. నాకు ఆ మామూలే భయం. తిట్టి ఉంటే, ఏడ్చి ఉంటే ధైర్యంగా ఉండేదాన్ని. మళ్ళీ టెక్కలి వెళ్ళాల్సిన పొద్దు దగ్గర పడుతోంది. నడుపుకుని వెళ్తేనే వెళ్తానన్న మనిషి, ఇక నడపలేడు. ఆ ఉబ్బిన మొహం, ఆ ఆక్సిజన్ గొట్టం కళ్ళ ముందు కదులుతూనే ఉన్నాయి. ఏం చెప్పి లేవదీయాలో మనసులో మాటలు కూర్చుకున్నాను. కాళ్ళు పట్టుకుంటానని కూడా అనుకున్నాను.

పొద్దున్నే టిఫిను డబ్బా సర్ది బయటికి వచ్చేసరికి కారు మీద కవరు లేదు. ముందు ఎడమ పక్క తలుపు తీసి ఉంది. బావ పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు. రెండు చెప్పులూ వేసుకుని, రెండు కాళ్ళూ కిందనే పెట్టుకుని. కుడి చెయ్యి సీట్ల మధ్య, స్విచ్చి మీద ఉంది.

నేను డబ్బా చేత్తో పట్టుకుని ఆయన కాళ్ళకేసి చూశాను.

"ఏటి సూత్తన్నావు? టైమైపోతంది. కాలు నువ్వు సూసుకో, లాకప్పు నాను సూసుకుంతాను."

కూర్చిపెట్టుకున్న మాటల్లో ఒక్కటీ అక్కర్లేకపోయింది. ఎక్కి కూర్చున్నాను. తాళం తిప్పాను. పలాస దాటి హైవే ఎక్కాం. బరువు లారీలు రయ్యిమని దాటిపోతుంటే నాకు ప్రాణం పోయింది. వేగం అందుకోమన్నాడు, అందుకున్నాను. తర్వాత మెల్లగా, కాలు సడలించమన్నాడు. సడలించాను. టక్కుమని చిన్న చప్పుడు, ఇంజను మోత తగ్గింది, కారు నున్నగా సాగింది. ఎక్కడా వణుకు లేదు.

ఆయనకి ముందు రోడ్డు మసకగా తప్ప కనిపించదు. కానీ ఇంజను గొంతు వినపడుతుంది, సీటు కింది నుంచి బండి చెప్పేది తెలుస్తుంది. ఎత్తు వస్తోందని నేను అనకముందే తీసేశాడు. దిగగానే సడలించమన్నాడు. అలా మూడు నాలుగు సార్లు చెప్పాడో లేదో, తర్వాత చెప్పడం మానేశాడు. నేను కాలు తేలిక చేస్తాను, ఆ క్షణానికే ఆయన వేలు పడుతుంది. ఎవరి కోసం ఎవరు ఆగుతున్నామో నాకు తెలియలేదు. పెళ్ళయి ఇన్నేళ్ళలో మేమిద్దరం గొడవ పడకుండా చేసిన పని ఇదొక్కటే అయి ఉంటుంది. ఏడుపొచ్చింది, కానీ రోడ్డు కనిపించాలని ఆపుకున్నాను.

టెక్కలిలో బెడ్డు మీద పడుకోబెట్టి సూదులు సర్దుతూ, ఇవాళ ఎవరు తీసుకొచ్చారు నాన్నగారూ అని నర్సమ్మ అడిగింది. కళ్ళ సంగతి ఆవిడకి తెలుసు కదా. నేను జవాబు చెప్పబోయాను.

"ఎవలు తేవడమేటమ్మా, నానే వచ్చాను," అన్నాడు బావ. "కాలొక్కటే మా ఇంటిదానిది."

ఇంకో రోజైతే నేను ఊరుకునేదాన్ని కాదు. అంత దూరం లారీల మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిపింది ఎవరని నిలదీసేదాన్ని. ఆ రోజు మాత్రం అవునమ్మా, ఆయనే నడుపుకుని వచ్చాడని చెప్పి, ఆయన చెప్పులు తీసి మంచం కింద పెట్టాను.